నలభై ఒకటో నొక్కు

తార్తూలో ఫిబ్రవరి. నది గడ్డకట్టింది.
ప్రయోగశాలలో హీటరు పేరుకే గుర్రుపెడుతోంది.
పియానోలు శ్రుతి చేసే ఎండెల్ తలకి
విర్వె తడి టోపీ తొడిగింది,
ఇరవై నాలుగు తీగలు.
"ఎప్పుడనిపిస్తే అప్పుడు నొక్కండి,
ముందుగా లెక్కపెట్టుకోకండి."

నొక్కాడు.
నొక్కాలని ఆయనకి తోచక మునుపే
సెకనులో మూడోవంతు ముందు
తెర మీద గీత లేచింది.
తలరాత ఎవరో ఎప్పుడో రాసేసి పోయారనుకున్నాం.
ఇదిగో, రాస్తూ రాస్తూ దొరికిపోయింది.

నలభై సార్లూ అంతే.
నలభై ఒకటోసారి
వేలు కదిలింది, గీత కదల్లేదు.

తీగ ఊడిందా? చూసింది, ఊడలేదు.
చెమటా? ఈ చలిలోనా?
ఆయన్నడిగితే, "ఏమో,
గోడ అవతల ఎవరో శ్రుతి తప్పిన ఈల వేశారు,
నవ్వొచ్చింది" అన్నాడు.
నుదుటి జిగురు తుడుచుకుని
తడి జుట్టుతోనే మంచులోకి వెళ్ళిపోయాడు.

రాత్రి పదకొండు.
వ్యాసానికి పేరు ముందే పెట్టి ఉంది:
ఇచ్ఛ అనేది లేదు.
ఆ ఒక్క వరస కొట్టేస్తే
పట్టిక దువ్విన తలలా ఉంటుంది.
అడిగేవాళ్ళు లేరు.
కొట్టేయడానికి కారణాలు బోలెడు,
అన్నీ మర్యాదైనవే.

మీట మీద ఆమె వేలు.

ఇప్పుడు ఆమె తలకి తీగల్లేవు.
ఈ కొట్టివేతా రాసిపెట్టి ఉన్నదే అయితే
ఈ వ్యాసమూ అంతే.
చూరు నుంచి మంచునీటి బొట్టు జారినట్టు
ఆమెలోంచి ఓ వాక్యం జారింది.
జారే బొట్టుని
నిజమా అబద్ధమా అని ఎవరడుగుతారు?
"ఇచ్ఛ లేదు" అన్నమాట నిజమని తేల్చడానికైనా
తప్పు రాయగలిగీ రాయని చెయ్యి
ఒక్కటి ఉండాలి కదా.

లేక, ఉండాలనిపించడం కూడా...
ఆలోచన కాసేపు
తన తోకని తానే తరిమింది.
టీ మీద మీగడ కట్టింది.

వేలు తీసేసింది.
నలభై ఒకటి పక్కన
"కారణం తెలియదు" అని రాసి,
పైన పేరు చివర
ఒక ప్రశ్నార్థకం పెట్టి,
అది మరీ చిన్నగా ఉందని
మళ్ళీ దిద్ది,
దీపం ఆర్పింది.

వంతెన మీద ఈల వేద్దామనుకుంది.
వేయలేదు.
పెదాలు పగిలి ఉన్నందుకో,
తను వద్దనుకున్నందుకో.