చెక్ ట్రే

మేత కొట్టు మీద గది మాది.
మెట్లెక్కే లోపే చొక్కాకి చేపపొడి వాసన పడుతుంది.
నలుగురం. కుర్చీలు మూడు.
విడవలూరులో కరెంటు పోతే
ఛార్జింగున్న ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ నాలుగు మొహాలు.

రొయ్యల గుంటల లెక్కకి యాప్ చేస్తామని
మస్తానయ్య దగ్గర బయానా పుచ్చుకున్నాం.
తలుపేసుకుని ఐదు నెలలు చేశాం.
మేత, మందులు, మోటారు తిరిగిన గంటలు,
కౌంటుకి రేటు, అప్పుకి వడ్డీ.
ఝాన్సీ గీసిన రొయ్యకైతే
మీసాలు కూడా కదిలేవి.

కట్ట మీద మొదటిసారి చూపించాం.
ఆయన వేలు తడి.
తెర ఆ వేలిని మనిషిదనుకోలేదు.
పంచెకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు.
ఎండకి అక్షరం అగపడలా.
"బాగుండాదిలే నాయనా" అన్నాడు,
పెళ్ళివారి పులుసులో ఉప్పు లేదని చెప్పలేనట్టు.

ఆపైన మమ్మల్ని మరిచి
తాడు పట్టి చెక్ ట్రే పైకి లాగాడు.
మేత మిగిలిందా,
పేగు నిండిందా, తోక ఎర్రబారిందా,
అరచేతిలో మూడు రొయ్యల్ని ఎండకి పట్టి చూసి
"పూటకి రెండు కేజీలు తగ్గించండ్రా" అని కేకేసి
ట్రేని మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు.

"పట్టుబడి నాడు చూసుకుందాంలే అనుకుంటే
పట్టేదానికి ఏముంటాదబ్బా?
నేను నాలుగు నెలల పంట చెయ్యను.
రెండు గంటలు చేస్తా. మళ్ళా రెండు గంటలు."

తిరుగుదారిలో ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు మందుల అట్టపెట్టెలు కోసి చీటీలు చేశాం.
గోడ మీద సుద్దతో రెండు గీతలు, మూడు అరలు:
చేయాల్సింది, చేస్తున్నది, అయింది.
నడి అరలో రెండు చీటీలకి మించకూడదు.
నాలుగు పెడితే నాలుగూ అక్కడే ముసలివవుతున్నాయి.

పొద్దున్నే నిలబడి మాట్లాడుకోవాలి.
కుర్చీలు మూడే గనక అది మాకు కొత్త కాదు.
టీ చల్లారే లోపు
నిన్నటిది, ఇవాళ్టిది, ఎక్కడ ఇరుక్కున్నదీ చెప్పాలి.
వెంగబాబు మూడు రోజులు "ఎక్కడా లేదు" అన్నాడు.
నాలుగో రోజు గొంతు పూడుకుపోయింది.
తీరా చూస్తే ఆ చిక్కు
ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని.

రెండు వారాలకొకసారి కట్ట మీదికి పోయాం.
మొదటిసారి ఒకే ఒక్క పెద్ద బొత్తాం,
మోచేత్తో నొక్కినా పలికేది.
రెండోసారి నోటితో చెబితే రాసుకునేది.
దీన్నే ఎజైల్ అంటారనీ,
రెండు వారాలది స్ప్రింట్, అంటే పరుగనీ
హజరత్ చెప్పబోతే
"పరుగెందుకు? కట్ట మీద పరిగెత్తితే జారతాది"
అన్నాడాయన, జాలిగా.

ఒక బుధవారం రాత్రి కరెంటు పోయి
చక్రాలు ఆగి
మూడో గుంటలో రొయ్య తేలింది.
కాపలా అతను నిద్రలో ఉన్నాడు.
గురువారం గోడ మీద చీటీలన్నీ పీకి
ఒక్కటే పెట్టాం: 'చక్రం ఆగితే ఫోన్ మోగాలి.'
మేం వేసుకున్న వరస పోయింది.
ఎవరికీ బాధ కలగలేదు,
అదొక్కటే నాకు వింత.

ఇప్పుడు ఫోన్ మోగుతోంది.
ఒక్కోసారి ఊరికే కూడా మోగుతోంది,
దానికీ ఒక చీటీ ఉంది.

నిన్న మస్తానయ్య గది దాకా వచ్చాడు,
మొదటిసారి మెట్లెక్కి, ఆయాసపడుతూ.
మూడు కుర్చీలూ ఖాళీ చేశాం.
ఏదో తప్పు దొరికిందనుకుని ఊపిరి బిగబట్టాం.

"మొదట్లో ఒక రొయ్య ఉన్నిందే,
మీసాలు తిప్పేది.
యాడికి పోయింది?
మా మనవరాలు అడగతాండాది."

ఝాన్సీ లేచి
మొదటి అర అట్టడుగున
దుమ్ము పట్టిన చీటీ తీసి, ఊది,
నడి అరలో గుచ్చింది.