పలుచని గాలి

ఒరూరో దాటి ఇంకా పైకెక్కితే
గని ఊరు. రేడియో గది తలుపు కింద నుంచి
చలి, పిల్లిలా వచ్చిపోతుంటుంది.
సర్వర్ పెట్టె ముందు మోకాళ్ళ మీద నేను.
"ఒక పరికరం కనబడటం లేదు"
అదే మాట, ఎన్నిసార్లు అడిగినా.

ఎలియోకి పంతొమ్మిదేళ్ళు.
బిల్లుల కంప్యూటర్‌కి చోటు చాలలేదట,
ఇందులోంచి చిన్న డిస్కు ఊడబీకి
ఫార్మాట్ కొట్టాడు.
"ఏ డ్రైవూ చూపించలేదక్కా, ఖాళీ అనుకున్నా."
నిజమే, దాని మీద ఏ పేరూ లేదు.
రెండు సొరంగాల్ని లోలోపల కలిపేసి
బయటికి ఒకే వాకిలి పెట్టినట్టు
రెండు డిస్కుల్ని ఒక్క వాల్యూమ్ చేసింది నేను.
ఆ మాట వాడికి చెప్పనిదీ నేనే.
కాబట్టి వాణ్ణి తిట్టలేదు. ఒకసారి తప్ప.

ఇక్కడ ఇంకో సంగతి.
డిస్కు తల పళ్ళేన్ని తాకదు,
వెంట్రుకలో వెయ్యో వంతు గాలి మీద తేలుతుంది.
అట్ట పెట్టె మీద అచ్చేశారు, మూడు వేల మీటర్ల దాకా అని.
మేమున్నది మూడు వేల తొమ్మిది వందలు.
ఆ తలకి ఆనుకోవడానికి గాలి చాలదు.
కిర్‌మంటుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలెడుతుంది,
గని దిగి వచ్చినవాడు మెట్ల మీద ఆగినట్టు.

ముందు నకలు.
పాడైనదాని మీద ప్రయోగాలు చెయ్యకూడదు,
ఉన్నది ఉన్నట్టు, చదవగలిగినంత, ఇంకో డిస్కుకి.
రాత్రంతా.
దోన్ ఫెర్మిన్ కోకా ఆకు నములుతూ
స్టూలు మీద కూర్చుని అంకెలు చూశాడు.
"ఏమంటోంది?"
"చదవలేని చోట్లు నలభై మూడు."
"నా చెస్ట్ ఎక్స్‌రేలో ఇంకా ఎక్కువ,"
అని తనే నవ్వుకున్నాడు.

తెల్లవారుజామున పాత సంచిక దొరికింది.
ఈటీసీ లోపల, ఎల్‌వీఎం లోపల, ఆర్కైవ్‌లో:
ఏ గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో
ప్రతి మార్పుకీ ముందు
యంత్రం తనకోసం తానే రాసి పెట్టుకున్న చీటీ.
మనిషి మర్చిపోతాడని దానికి ముందే తెలుసేమో.
నకలు డిస్కుకి పోయినదాని గుర్తింపు సంఖ్యే ఇచ్చాను,
ఒక్కొక్క అక్షరం, రెండుసార్లు సరిచూసి.
ఎంటర్ మీద వేలు పెట్టి
కొంచెం సేపు తీయలేదు, నొక్కలేదు.

వాల్యూమ్ లేచింది.
లేచింది అన్నానే గానీ, నిలబడలేదు.
పళ్ళు రాలిన దువ్వెనలా ఉంది ఫైల్ సిస్టమ్.
సరిదిద్దమంటే ప్రతిదానికీ అడుగుతుంది, అవునా కాదా,
అవును, అవును, అవును,
ఆఖరికి అవునంటే ఏమిటో మర్చిపోయేదాకా.

మిగిలిందంతా "దొరికినవి" అన్న గదిలో పోసింది.
ఆరువందల పన్నెండు ఫైళ్ళు.
ఒక్కదానికీ పేరు లేదు, ముందు ఒక గుర్తు, తర్వాత అంకె.
పేర్లు రాసుకున్న పుటలు ఎలియో ఫార్మాట్‌లో పోయాయి.
కొండను తవ్వి ఎలుకను పట్టాం అనిపించింది ఆ క్షణం.

ఏదో ఒకటి తెరిచాను.
గరగర. దూరంగా సైరన్.
తర్వాత ఒక గొంతు, కెచువాలో కాస్త, స్పానిష్‌లో కాస్త,
సాయంత్రం షిఫ్టు దిగేవాళ్ళ పేర్లు చదువుతోంది.
పేరు పోయిన ఫైల్లో
నూట పద్దెనిమిది పేర్లు.
ఒక్కో పేరుకీ ఎవరో ఒకరు పలుకుతున్నారు.
తొంభై ఒకటో పేరు దగ్గర
పలుకు లేదు. దగ్గు మాత్రం ఉంది.

ఎలియో కత్తెర సాఫ్ట్‌వేర్ తెరిచాడు, పని మీద ఉత్సాహం:
"ఈ శబ్దం తీసేస్తే శుభ్రంగా ఉంటుంది."
దోన్ ఫెర్మిన్ నములుడు ఆపాడు.
"అది శబ్దం కాదు బాబూ. అది సాతుర్నినో.
ఎప్పుడూ అలానే పలికేవాడు."

ఫైలుకి పేరు పెట్టమన్నాను.
చాలా సేపు ఆలోచించి
తేదీ చెప్పలేదు, షిఫ్టు చెప్పలేదు.
"దగ్గు" అని కొట్టించాడు.

ఇంకా ఆరువందల పదకొండు.
ఎలియో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.
బయట గని బూర మోగింది.
నేను మొదటి బ్యాకప్ మొదలుపెట్టాను,
పదకొండేళ్ళు ఆలస్యంగా.