మంచు మాడుతుంది

చాలామంది నమ్మరు గానీ
మంచు మాడుతుంది.
ఖాళీ గిన్నెలో కుక్కి మంట పెంచితే
అడుగున పట్టుకుని
తుప్పు నాకినట్టు ఒక రుచి.
ఆ నీళ్ళతో కాచిన టీ ఎవరూ తాగరు.
ముందు ఒక గ్లాసుడు నీళ్ళు పోయాలి.
నీళ్ళుంటేనే నీళ్ళవుతాయి.
నాకిది చెప్పింది మా మామ బుద్ధిహాంగ్.
జన్మలో నాతో నాలుగు మాటలు మాట్లాడాడు,
ఇది రెండోది.

రాత్రి ఒంటిగంటన్నర.
మేరా పైశిబిరం,
బండ అంచు పట్టుకుని వేలాడే ఐదు గుడారాలు.
ఛుల్తిమ్ అన్న తాడు పరిచి
ఒక్కొక్కరి నడుముకీ ముడివేసి
లాగి చూసి, మళ్ళీ లాగి చూసి,
సంతలో దూడల్ని బేరమాడేవాడిలా
కళ్ళల్లోకి లైటు కొట్టి అడుగుతున్నాడు
"తలనొప్పి ఉందా?"
లేదు, లేదు, లేదు.
అంత డబ్బు కట్టినవాళ్ళకి
తలనొప్పి ఎప్పుడూ ఉండదు.

ఏడు దీపాలు వాలు ఎక్కి పోయాయి.
మిగిలింది నేనూ, కిరసనాయిలు స్టవ్వూ.

బుంగ్‌లో మా ఇంట్లో పొయ్యంటే మూడు రాళ్ళు.
మా తాతముత్తాతలు అందులోనే ఉంటారు,
కాలు తగిలితే తప్పు.
ఈ ఇత్తడి స్టవ్‌లో ఎవరుంటారో తెలీదు,
అందుకని కింద ఏటి ఒడ్డున ఏరుకున్న
మూడు గులకరాళ్ళు
దాని చుట్టూ పెడతాను.
ఛంబా నవ్వుతాడు.
నవ్వనీ.

పదకొండుసార్లు వచ్చాను ఇక్కడిదాకా,
వీపు మీద ముప్పై కిలోలు, నుదుటి మీద నామ్లో పట్టీ.
ఇక్కణ్ణుంచి పైకి ఒక్కసారీ లేదు.
ఎందుకంటే పెద్ద కథేం లేదు.
పైకి పోయినవాళ్ళు దిగొచ్చాక
దాహంతో ఉంటారు.

నాలుగు దాటాక
ఏడు దీపాల్లో రెండు తెగి
కిందికి రావడం మొదలెట్టాయి.
నేను స్టవ్‌కి గాలి కొట్టాను.

బోగ్నా.
పోలెండులో పళ్ళ డాక్టరు.
మూడోరోజే నా పన్ను చూసి
లవంగనూనె ఇచ్చింది.
ఇప్పుడు ఆమె కాలివేళ్ళు
మైనంలా తెల్లగా, ఎవరివో అన్నట్టు ఉన్నాయి.
ఛంబా ఆమెని నాకప్పగించి
బూట్లతోనే గుడారంలో వాలాడు.

చొక్కా ఎత్తి
ఆ రెండు పాదాల్నీ నా పొట్టకి ఆనించుకున్నాను.
అబ్బా, ఎంత చలి!
రెండు చేపలు లోపలికి దూరినట్టు.
ఆమె ఏడవలేదు. మొహం తిప్పుకుంది.
కాసేపటికి, వచ్చీరాని నేపాలీలో,
"పైన ఏముంది?" అంది.
"నాకేం తెలుసు" అన్నాను.
"నువ్వు వెళ్ళలేదా?"
"లేదు."
"ఒక్కసారీ?"
"ఒక్కసారీ."

అప్పుడు నవ్వింది,
వేళ్ళల్లోకి నెత్తురు తిరిగి
నొప్పికి మూలుగుతూ నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది. ఎందుకో చెప్పలేను,
పొట్ట మీద ఆమె పాదాలు కూడా కదిలాయి.

తెల్లారింది.
మకాలు భుజం మీద ముందు ఎరుపు,
తర్వాత ఆ రంగుకి మా భాషలోనూ పేరు లేదు.
లోయలన్నీ మబ్బు కింద నిద్రలోనే ఉన్నాయి,
మా అమ్మ కూడా, ఆ మబ్బు కిందెక్కడో,
కోడోకి నీళ్ళు పెడుతూ.
పైన తెల్లటి గట్టు చివర
ఐదు నల్లచుక్కలు ఆగాయి.
అరిచారేమో, వినబడలేదు.
గాలి అటువైపు.

బోగ్నా ఊరికే కూర్చోలేకపోయింది.
మేజోళ్ళు తొడుక్కుని, గరిట తీసుకుని
గుడారం గుమ్మం ముందు మంచు గీకి
రెండో గిన్నెలో కుక్కుతోంది,
పై నుంచి అరచేత్తో అదుముతూ.
చెయ్యి పట్టుకుని ఆపాను.
నా సీసాలో అడుగున
రాత్రంతా చంకలో పెట్టుకుని కాపాడినవి
రెండు గుక్కలున్నాయి.
"ముందు ఇవి" అన్నాను.

పోసింది.
గిన్నె ఒకసారి చుర్రుమంది.
పైన చుక్కలు తిరుగుముఖం పట్టాయి.
లెక్కపెట్టాను, ఐదు.
మళ్ళీ లెక్కపెట్టాను.
నీళ్ళింకా వేలెడు లోతే.