ఈ వారం రాలే

మోటర్ వైండింగు దుకాణం మూసినంక,
కాజీపేటల ఆఖరి ప్యాసింజరు పోయినంక,
రాగితీగె గీరిన వేళ్లతోనే టైపు జేస్త.
గురువారం రాత్రి మూడు వందల పన్నెండు మందికి
ఒక్క మీట నొక్కితే పోతది ఉత్తరం.

పాలు పోసినట్టే. గిన్నె పెట్టినోళ్లకే పోస్త.
ఎందరు మూత తీసిన్రో లెక్క కనవడ్తది:
నూటా నలభై. అంతకుముందు వారం నూటా యాభై ఆరు.
పదహారు మంది ఏడవోయిన్రో అని
కాయిలు చుట్టుకుంట ఆలోచిస్త.
"మూత తీసిన్రు సరే, తాగిన్రా?" అంటది స్వరూప.

అంతకుముందు నుంచే
నెట్టుల నాకొక సొంత జాగ ఉన్నది.
ఏడాదికి ఎనిమిది వందల తొంభై, పేరుకు కిరాయి.
మిల్లు గురించి రాసిన అండ్ల:
సైరను, జీతం రోజు మండిబజార్ల బాకీలు,
మా నాయిన చెవులల్ల ఇరుక్కున్న పత్తి నూగు.
వచ్చేటోడు లేడు, పోయేటోడు లేడు.
దండుగ, ఈసారి కట్టననుకున్న.

మొన్న ఒకామె, భీవండి నుంచి
(పుట్టుడే అక్కడ, తెలుగు కూడబలుక్కొని చదువుతదట)
తాత పేరు వెతికి వెతికి
నేను రాసి మరిచిన వాక్యం మీద వచ్చి పడ్డది:
"రెండో షిఫ్టుల గుండేటి సారంగపాణి
దారం తెగితే కండ్లు మూసుకొనే ముడేసేది."
"మా తాతనే" అని రాసింది.
అంతే. రెండు మాటలు.

ఆమె ఏ గిన్నే పెట్టలే.
ఆమె ఉన్నదని తెల్వకుంటనే
పదకొండేండ్లు గొళ్లెం పెట్టకుంట ఉంచిన.

ఇగ ఉత్తరాలెందుకు, బంద్ జేద్దామనుకున్న.
ఆ గురువారం బోరు మోటర్లు ఎక్కువొచ్చినయ్ కూడ. రాయలే.
తెల్లారి పరకాల నుంచి కంపౌండరు మొగిలి,
ఐదేండ్లల్ల ఒక్క జవాబియ్యనోడు:
"ఈ వారం రాలే. పానం మంచిగున్నదా?"

చాలాసేపు దాన్నే చూసిన.
ఆ జాగల నేను చచ్చిపోయినా
పేజీలు గట్లనే నిలవడ్తయ్, అడగయి.

"ఏది ఉంచుతవ్ మరి?" అన్నది స్వరూప.
నేను కిరాయి కట్టిన.
మొగిలికి రాసిన:
"మంచిగనే ఉన్న. ఐదు హెచ్‌పీ మోటరొకటి
రెండుసార్లు కాలింది, గంతే. మీ మోకాలెట్లున్నది?"

అది ఎండ్లా పెట్టలే.
ఇంకెవ్వరికీ పంపలే.