మూయని కవాటం

తుర్కులో జనవరి. బయట ఔరా నది మీద
మనిషి నడిచేంత మంచు.
లోపల బల్ల మీద ఐమో వల్కామా, అరవై ఒక్క ఏళ్ళు.
ఊరందరి ఇళ్ళకూ వేడినీళ్ళ గొట్టాలు బిగించిన చేతులు
ఈ ఉదయం ఊరికే పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

"తియ్యటి వాసనే," అన్నాడు మాస్కులోంచి,
"మా నాన్న పడవకి వేసే రంగు..."
వాక్యం అక్కడే ఆగింది.
సెవోఫ్లురేన్ అంతే. ముక్తాయింపు దాకా ఉండనివ్వదు.

మొదటి బొమ్మ చక్కెరది,
ఏ మూల ఎంత తింటోందో చూపించేది.
నిన్న మెలకువలో ఎరుపూ పసుపూ, సంతలా ఉన్న తల
ఇవాళ నీలం.
థాలమస్ అనే లోగదిలో కూడా
ఒకరొకరే దీపాలార్పి వెళ్ళిపోయారు.
పొయ్యిలో పిల్లి లేవలేదు.

రెండో బొమ్మ నెత్తురుది.
రెండు నిమిషాల్లో సగమైపోయే ఆక్సిజన్,
అందుకే సైక్లోట్రాన్ గది నుంచి మా పరుగు.
తినేవాడు లేనప్పుడు వడ్డన తగ్గాలి కదా,
అడిగిన చోటికి అడిగినంత, పాత ఒప్పందం.
తేలిక మత్తులో తగ్గింది కూడా, మర్యాదగా.
మోతాదు పెంచాక ఆ కాగితం చెల్లలేదు.
నాళాల గోడలు వదులై
పిలవని పేరంటానికి నెత్తురు వస్తూనే ఉంది
ఆకులు వేయని పంక్తిలో
వంగి వంగి వడ్డిస్తూ.

పుర్రె ఇరుకు ఇల్లు. గోడ జరగదు.
లోపల గడ్డ ఉన్నవాళ్ళకి ఈ ధారాళం ప్రమాదం.
అప్పుడు ఊపిరి కాస్త త్వరపెట్టి
బొగ్గుపులుసు గాలి తగ్గించి
నాళాల్ని బతిమాలుకుంటాం, కొంచెం ముడుచుకోండని.
ఐమో తలలో గడ్డ లేదు.
అందుకని చూస్తూ కూర్చున్నాను.

వారం తర్వాత కాఫీ పక్కన రెండు బొమ్మలూ పెట్టి
వివరించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఇది నా పనే డాక్టరమ్మా.
ఇంట్లోవాళ్ళు సెలవులకి పోయారు,
వాల్వు కట్టడం మర్చిపోయారు.
చలికాలంలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని చూశానో."

చెంచా తిప్పుతూ చాలాసేపు
ఆ నీలాన్నే చూశాడు.

"మా వంటగది వెనక చిన్న గది.
కుక్క పడుకునేది.
అది పోయి రెండు చలికాలాలు.
రేడియేటర్ నడుస్తూనే ఉంది.
బిల్లు వస్తోంది," అన్నాడు, "కడుతున్నా."