మూల చిరిగిన నోటు

"ఇచ్చే రోజు" అని బ్యానరు.
ఫైర్ స్టేషన్ గోడ మీద ఒక కొస ఊడి
సరస్సు గాలికి టపటపా కొట్టుకుంటోంది.
రాత్రి మంచుకు తీగ తెగి నెట్ లేదు.
ఈసారి చందాలన్నీ చేతుల్లోంచే.
నా ముందు ఒక రేకు డబ్బా, ఒక రసీదు పుస్తకం.
కార్బన్ కాగితం ఈ రోజుల్లో ఎక్కడ దొరికిందో
ఐలా కోస్కినెన్‌కే తెలియాలి.

సుపీరియర్ సరస్సు ఒడ్డున
రాగి గని మూతపడిన ఊరు మాది.
గని ఆఫీసులో జీతాల పద్దు రాసినవాణ్ణని
ఏటా ఈ కుర్చీ నాకే.
ఊళ్ళో పదకొండు సంస్థలు.
సంస్థ అంటే నాకే నవ్వొస్తుంది.
డ్వేన్ లబాటీ షెడ్డు ఒకటి, చక్రాల కుర్చీలు బాగుచేస్తాడు.
కార్యవర్గంలో డ్వేన్, అతని బావమరిది,
నిరుడు పోయిన ఇంకొకాయన.
ఆ పేరు కొట్టెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.
బెర్నిస్ కడాట్‌ది ఇంకొకటి,
ఒంటరిగా పోయినవాళ్ళ కుక్కలకు
కొత్త గుమ్మం వెతికిపెడుతుంది.
పిల్లల స్కేట్లకు పదును పెట్టేది ఒకటి.
చివరిదానికి పేరే లేదు.
ఫారంలో పేరు గడిలో "మేము" అని రాశారు.
ఏం చేస్తారో నిన్నటిదాకా నాకు తెలియదు.

పట్నంలో పెద్ద సంస్థల నివేదికలు
నున్నటి కాగితం మీద, నవ్వే పిల్లలతో వస్తాయి.
స్కేట్లవాళ్ళ నివేదిక చీటీ వెనక:
"వచ్చింది నాలుగొందల పన్నెండు.
పోయింది నాలుగొందల తొమ్మిది.
మిగతా మూడుతో కాఫీ తాగాం, క్షమించాలి."

తొమ్మిదింటికి డ్వేన్ వచ్చాడు.
ఇరవై డాలర్ల నోటు, మూల చిరిగింది,
చెయిన్ నూనె వాసన.
"కుక్కలకి" అన్నాడు.

పదిన్నరకి బెర్నిస్ తన వాటా తీసుకుని
తలుపు దాకా వెళ్ళి
మంచు బూట్లతోనే వెనక్కి వచ్చింది.
"పద్దు నిండింది కదా, ఇది స్కేట్లకి రాయి."
అదే నోటు.
స్కేట్లాయన దాన్ని పుస్తకాల బస్సుకిచ్చాడు,
బస్సామె వంటింటి వాళ్ళకి.
నాలుగోసారి నూనె వాసన తగిలినప్పుడు
నా కలం ఆగింది.
రాసేవి రసీదులా, అబద్ధాలా?
తప్పు పట్టడానికి ఒక్క అంకె దొరకలేదు.
ఇచ్చినవాడు ఇచ్చాడు, పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నాడు,
ఎవరి జేబూ పెరగలేదు.

మూడింటికి "మేము" తరఫున ఒక పిల్ల వచ్చింది.
రొవీనా అట, పదహారేళ్ళు,
కోటు జేబులోంచి మంచు గీకే పలక పిడి కనబడుతోంది.
తెల్లారి నాలుగింటికి లేస్తారట,
డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళ కార్ల అద్దాలు గీకుతారట.
"అంతే" అంది, ఏదో తక్కువైనట్టు.

మంగళ, గురు, శనివారాల్లో
నా కారు అద్దం ఎందుకు తేటగా ఉంటుందో
చలికాలమంతా నేను ఆలోచించలేదు.
గాలి ఊడ్చిందనుకున్నాను.

నోటు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి
"డ్వేన్ షెడ్డుకి" అంది ఆ పిల్ల.
పొద్దున బయల్దేరిన నోటు ఇల్లు చేరింది.

చీకటి పడ్డాక ఐలా వచ్చి మొత్తం ఎంతంది.
"నూట నలభై, ఏడు రసీదులు."
"డబ్బాలో?"
"ఏమీ లేదు."
ఆమె నాలుగు పదుల సంవత్సరాలు బడిలో లెక్కలు చెప్పింది.
కాసేపు డబ్బా అడుగు చూసి
కాఫీ రెండు కప్పుల్లో పోసింది.

తర్వాత నా జేబు తడిమాను.
ఐదు డాలర్లూ కొంచెం చిల్లరా.
ఎనిమిదో రసీదులో "ఎవరికి" దగ్గర మేము అని రాశాను.
"ఎవరి నుంచి" దగ్గర ఏం రాయాలో తోచక
కలం అక్కడే పట్టుకుని కూర్చున్నాను,
బయట బ్యానరు రెండో కొస కూడా ఊడేదాకా.