చల్లారిన చేపల పులుసు

ఉత్తరం వచ్చిన రోజు
కెంక్రేయ రేవులో గాలి లేదు.
తెరచాపలు పిండని బట్టల్లా వేలాడుతున్నాయి.

సోసిపత్ర చదివింది.
రంగులద్దే మనిషి, మోచేతుల దాకా ఊదా మరక.
ఆ మరక అంటకుండా
చుట్టను వేళ్ళ కొసలతో పట్టుకుని చదివింది.

మొదట కుశలప్రశ్నలు. మా అందరి పేర్లు.
నా పేరు వచ్చినప్పుడు కాస్త నిటారుగా కూర్చున్నాను.
ఇల్లు ఇచ్చినవాణ్ణి కదా,
దీపాలకు నూనె, బల్లకు ద్రాక్షరసం ఇచ్చినవాణ్ణి.

తరవాత ఆమె గొంతు తగ్గింది.

"మీ పాటలు సముద్రం దాటి నా దాకా వచ్చాయి.
వాటి వెనకే ఎవరిదో కడుపు గుర్రుమనడం కూడా వచ్చింది.
పాట ఒకరిది, చప్పుడు ఒకరిది అనకండి.
నాకు రెండూ ఒకే ఇంట్లోంచి వినిపిస్తున్నాయి."

ఇంకా చాలా ఉంది ఆ ఉత్తరంలో.
ఎవరి బాప్తిస్మం గొప్పదన్న తగువు గురించి,
పొలం గట్టు కోసం మాటలు మానేసిన అన్నదమ్ముల గురించి.
నాకేమీ చెవికెక్కలేదు.

దాచి ఏం లాభం, చెబుతాను.
ప్రభువు దినాన పొద్దు వాలకముందే మేం బల్ల చుట్టూ చేరేవాళ్ళం,
పడవలున్నవాళ్ళం, తీరికున్నవాళ్ళం,
లోపలి గదిలో, మెత్తల మీద, తొమ్మిదిమందిమి.
థాల్లోస్ లాంటివాళ్ళు రేవులో ఆఖరి జాడీ దించి
వీపున చెమట ఉప్పు తెట్టెలు కట్టి వచ్చేసరికి
పులుసు గిన్నెలో ముళ్ళు,
రొట్టెల బుట్టలో పొడి.
వాకిట్లో నిలబడే వాళ్ళు ఆమేన్ అనేవాళ్ళు.
గట్టిగానే అనేవాళ్ళు.
ఒకే విందులో పంక్తిభేదం తప్పని
నాకెవరూ చెప్పలేదని
నాకు నేను చెప్పుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పశ్చాత్తాపంతో కాదు,
కోపంతో.
ఎవరు మోశారు ఈ కబురు? ఎవరి నోటి దూల?
నా ఇంటి ఉప్పు తిన్న మనిషి
నా ఇంటికే వంక పెట్టాడే!

తెల్లవారుజామున గుర్తొచ్చింది.
ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ అపొస్తలుడు
గుమ్మం వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు.
రొట్టె చేతిలోనే ఉండేది, చాలాసేపు.
గాలి కోసం అనుకున్నాను నేను.

మరుసటి వారం ఆగాం.
ప్రేమతో అని రాయలేను, సిగ్గుతో ఆగాం.
చేపల పులుసు మీద కొవ్వు తెల్లగా పేరుకుంది.
దీపం ఒత్తి రెండుసార్లు ఎగదోశాను.
ఎవరిదో కడుపు గుర్రుమంది.
చుట్టూ చూశాను.
నాదే.

చీకటి పడ్డాక థాల్లోస్ వచ్చాడు.
ముట్టని గిన్నెలు, మాట్లాడని మనుషులు.
గడప దగ్గరే ఆగిపోయి
"ఎవరైనా పోయారా?" అని మెల్లగా అడిగాడు.

ఏం చెప్పాలో తోచలేదు ఎవరికీ.
సోసిపత్రకు నవ్వొచ్చింది, ఆపుకోలేక ఏడుపూ వచ్చింది.
నేను మెత్త మీద పక్కకు జరిగాను.
అతను కూర్చోలేదు.
నిజం చెప్పాలంటే, అతని ఒంటి మీది తారు వాసనకు
నేను ఊపిరి బిగబట్టాను. అతను అది చూశాడు.

నాలుగో వారం కూర్చున్నాడు.
కొసన, లేచిపోవడానికి వీలుగా.
ఏడో వారం నా గిన్నెలోంచి చేప తల తీసుకున్నాడు, అడగకుండా.
ఆ రోజు నేను చేసిన ప్రార్థన
నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

విశ్వాసం పెరిగిందా అని ఆయన మళ్ళీ రాసి అడిగితే
ఏమని రాయను?
నా దగ్గర జాడీలు కొలిచే కర్ర ఉంది,
దానికి కొలకర్ర లేదు.
దీపాల నూనె మాత్రం రెట్టింపు ఖర్చవుతోంది.
వేడి పులుసు రుచి మరిచిపోయాను.
పొలం గట్టు అన్నదమ్ములు ఇంకా ఎడమొహం పెడమొహమే,
కానీ మూకుడు ఒకరి నుంచి ఒకరికి అందుతోంది.

పెదవి ఎండిపోతోంది, రొట్టె చేతిలోనే ఉంది.
గుమ్మం వైపే ముఖం పెట్టి కూర్చున్నాను.
ఇవాళ ఇంకా ఇద్దరు రావాలి.